పాత బడి కిటికీలు

బడిని కూలగొట్టిన ఏడు
కిటికీలన్నీ నేనే కొన్నాను.
ఇరవై రెండు రెక్కలు, ఒక్కోటి ఓ వోడ్కా సీసా ధరకి.
లారీవాడు నవ్వాడు:
"గోడలు వద్దా మరి, కపితోలినా సావెల్యెవ్నా?"
గోడలతో నాకేం పని.
ముప్ఫై ఏళ్లు వాటికి వీపు ఆన్చి
రేఖాగణితం చెప్పాను.
పిల్లలు చూసింది కిటికీల్లోకే.

ఇప్పుడవి సిల్వా ఏటి ఒడ్డున, నా పెరట్లో,
ఒక గాజింటిగా నిలబడ్డాయి.
చూరు కలిసేచోట కోణం తప్పింది, మూడు డిగ్రీలు.
ఎవరికీ చెప్పలేదు.
ఆ సందులో గాలి ఈల వేస్తుంటే
మిరపమొక్కలు మాత్రం వింటాయి.

తూర్పువైపు మూడో అద్దం మీద
మేకుతో గీసిన అక్షరాలు:
"ఇక్కడ యెర్మలాయ్ విసుగెత్తి చచ్చాడు. ఏడు-బి."
తొందరలో ఆ అద్దాన్ని తిప్పి బిగించాను.
లోపల్నించి చూస్తే రాత తారుమారు.
పొద్దున్నే ఆకు మీద పడే నీడ మాత్రం
తప్పుల్లేకుండా చదువుకోవచ్చు.

మార్చిలో, బయట మోకాలి లోతు మంచుండగానే,
వంటింటి కిటికీగట్టు మీద
పెరుగు డబ్బాల్లో నారు పోస్తాను.
గింజకో డబ్బా. ఎందుకంటే
కీరదోసకు వేరు కదిపితే అలక.
టమాటా అలా కాదు, మెడదాకా పూడ్చినా
పూడ్చినంత మేరా వేళ్లు దించుకుంటుంది.
నేనేమో కీరదోస జాతి.
కొడుకు పెర్మ్‌లో ఫ్లాట్ చూశానన్నప్పుడు
ఆకులు వాల్చేశాను.

మే చివర పాదుల్లో దించాను, పదకొండు మొక్కలు.
అడుగున గుర్రప్పేడ, పైన జల్లించిన మట్టి.
పేడ లోలోపల ఉడుకుతుంది.
చెయ్యి పెట్టి చూస్తే
జ్వరం తగిలిన పిల్లాడి నుదురు.

నులితీగ సంగతి చెప్పాలి.
సాయంత్రం పురికొస కడితే
తెల్లారేసరికి దొరకబుచ్చుకుంటుంది, కళ్లు లేకుండానే.
ఆపైన సగందాకా కుడికి చుట్టుకుని
నడుమ ఓ చోట మనసు మార్చుకుని
మిగతా సగం ఎడమకు తిరుగుతుంది.
రెండు చివర్లూ కట్టుబడి ఉన్నది
మెలిపడకుండా చుట్టుకోవాలంటే
అదొక్కటే దారి.
ముప్ఫై ఏళ్లలో ఈ పాఠం నేను చెప్పలేదు.

జూన్ ఏడున రేడియో అంది: రాత్రికి సున్నాకి దిగువ.
ఆవిరిగది పొయ్యిలో ఇటుకలు కాల్చి
బకెట్లలో మోసుకొచ్చి వరసల మధ్య పెట్టాను.
దుప్పట్లు కప్పాను, నా శీతాకాలం కోటు కూడా.
మాకు జూన్‌లో పూర్తి చీకటి ఉండదు;
నీళ్లు కలిపిన పాలలాంటి వెలుగు.
రెండింటికి అద్దం మీద వేళ్ల చప్పుడు.
యెర్మలాయ్. అంబులెన్స్ డ్రైవరు ఇప్పుడు,
యాభై దాటాయి, డ్యూటీ దిగి ఇంటికెళ్తూ
లాంతరు చూసి ఆగాడట.
"ఎవరికైనా బాగాలేదేమో అనుకున్నా."
"వీళ్లకే," అన్నాను.

బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.
ఇటుకలు మార్చాం. టీ తాగాం.
నాలుగు కాకముందే పొగమంచు గాజుకంటి గడ్డకట్టింది,
ముందుగా గీతల్లో.
తెల్లగా, ఒక్కో అక్షరం లేచి వచ్చింది.
అతను తలవంచి
వెనకనుంచి ముందుకు కూడబలుక్కున్నాడు.
చెవులు ఎర్రబడ్డాయి, ఏడు-బి లో లాగే.
నేను కాండాలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

చాలాసేపటికి, పైకి చూస్తూ:
"టీచర్ గారూ, ఆ చూరు కోణం తప్పింది."
"మూడు డిగ్రీలు," అన్నాను.
"నాలుగుంటుంది."
లేచి, నెత్తిమీది ఉన్నిటోపీ తీసి
సందులో కుక్కాడు. ఈల ఆగింది.

రెండు మొక్కలు పోయాయి.
తొమ్మిది నిలిచాయి.
నెలాఖరున మొదటి కాయ, వేలెడంత,
ముళ్లు ఇంకా గుచ్చుకుంటుండగానే
ఉప్పు కూడా అద్దకుండా, నిలబడే తినేశాను.
ఆ కరకరకు పక్కింటి కుక్క మొరిగింది.

టోపీ ఇంకా అక్కడే ఉంది.
అతను అడగలేదు, నేను ఇవ్వలేదు.
నిన్న ఒక నులితీగ దాని అంచు పట్టుకుంది.
ప్రస్తుతానికి కుడికే తిరుగుతోంది.