సఖినేటిపల్లి రేవులో నాలుగు పొరలు

పంటు ఇంజను గదిలో ఇది మూడో రోజు.
ఒళ్ళో లాప్‌టాప్, దాని తోక
సరంగు ముందున్న తెర వెనక్కి.
తెరలో వశిష్ఠ పటం,
మూల కిటికీలో బల్లమీది బైకులు, లోతు గీత,
మేట వస్తే వెలగాల్సిన ఎరుపు.
నాలుగూ కలిపి ఒకే ముద్ద చేసి
సెకనుకి అరవైసార్లు
మొత్తం తుడిచి మొత్తం పూస్తోంది పాత డ్రైవరు.
చిప్పు ముట్టుకుంటే ఇస్త్రీపెట్టె.

నిన్న ఇసుకమేట దాటిపోయాక
వచ్చింది ఎరుపు.
"మీ దీపంకన్నా నా గెడే నయమండి అమ్మాయిగారూ"
అన్నాడు మల్లాడి పోలారావు.
ఏమంటాను?

చిప్పు పుస్తకం రెండొందల పదకొండో పేజీ,
చిన్నక్షరాల్లో:
ఈ తెరకి పొరలు నాలుగు,
దేని జ్ఞాపకం దానిది.
ఇన్నాళ్ళూ ఒకదాన్నే లేపారు.
మిగతా మూడూ
పుట్టిందగ్గర్నించీ నిద్ర.

బయట పోలారావు
బిందెతో వంగిన కుర్రాణ్ణి కసురుతున్నాడు:
"పోటెక్కిందిరా, పైపైన ముంచు.
అడుక్కి పోనిచ్చావో, ఉప్పే."

నేను కలపడం మానేశాను.
పటాన్ని అడుగున పరిచాను. అది కదిలితేనే ముట్టుకుంటాను.
దానిమీద కెమెరా, ఆపైన లోతు.
లోతు మారితే లోతొక్కటే మారుతుంది.
కలిసేది చిట్టచివర,
వెలుతురై గాజు దాటేటప్పుడు.

మొదటిసారి వరస తిరగబడింది.
ఎరుపు పటం కిందపడి
ఎవరికీ కనపడకుండా బుద్ధిగా వెలిగింది.
రెండోసారి
పాత ఒడ్డుమీద కొత్త లోతు, సగం సగం,
నది మధ్యకి చిరిగింది.

మారితే నాలుగూ ఒక్కసారే మారాలి,
లేకపోతే ఏదీ మారకూడదు.
బల్ల రేవుకి ఆనేదాకా
ఒక్క బైకునీ కదలనివ్వరు కదా,
అలా ఆపాను,
బొమ్మకీ బొమ్మకీ మధ్య
రెప్పపాటు చీకటి వచ్చేదాకా.

సాయంత్రం నర్సాపురం నుంచి ఆఖరి ట్రిప్పు.
కొబ్బరికాయల బస్తాలు, రెండు ఆటోలు,
ఎవరిదో పెళ్ళి బ్యాండు, డోలు మీద దుప్పటి.
చిప్పుమీద వేలు పెట్టి ఉంచాను, తియ్యలేదు.
ఎరుపు వెలిగింది.
మేట ఇంకా ముందే ఉంది.

పోలారావు ఏమీ అనలేదు.
చుక్కాని ఎడమకి తిప్పాడు,
బీడీ కుడిచేతికి మార్చుకున్నాడు.

గెడని మాత్రం
తీసి లోపల పెట్టలేదు.
నేనూ పెట్టమనలేదు.