సీటు పట్టుకున్నవాడు

ఎనిడ్ గార్త్‌వెయిట్ ముఖం ఎలా ఉండేదో
నన్నడక్కండి.
పందొమ్మిదేళ్లు ఆమె సైకిలు సీటు పట్టుకుని నిలబడ్డవాణ్ణి.
నాకు తెలిసిందల్లా వీపు.

ఆదివారం, తెల్లవారుజాము ఐదున్నర.
స్టాఫర్డ్ దాటాక ఒక మైలురాయి,
రాయి పక్కన టైంకీపర్ బ్రాక్‌హర్స్ట్,
ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో వెన్న రాసిన రొట్టె.
పాలబండి తప్ప ఇంకేదీ నిద్రలేవని రోడ్డు.
నిమిషానికొకరు చొప్పున వదులుతాం.
ముందు పోయేవాళ్లతో కాదు పందెం,
బ్రాక్‌హర్స్ట్ అరచేతిలో ఉన్నదానితో.

ఆమె రెండు కాళ్లూ పెడళ్ల మీద పెట్టేది.
ఇక పడితే నా తప్పు.
ఐదు, నాలుగు, మూడు...
తోయకూడదు. అది రూలు.
వదలాలి, అంతే.
తోయడానికీ వదలడానికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి
నాకు పట్టుబడేసరికి జుట్టు నెరిసింది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా బర్స్‌లెంలో
కప్పుల మీద గులాబీలు వేసేది.
డజనుకింత అని కూలి.
రేక అంచు దగ్గర కుంచె వణక్కుండా
ఊపిరి బిగబట్టాలట.
ఐదు రోజులు బిగబట్టిన ఊపిరి
ఆదివారం పొద్దున ఒక్కసారిగా వదిలేది,
నూరు మైళ్ల పొడుగునా.
యాభై ఏడులో నాలుగు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు.
బ్రాక్‌హర్స్ట్ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని
ఆగిపోలేదు కదా అని విన్నాడు.

బెల్జియం వెళ్లింది, జీతం లేని సెలవు మీద.
సమాఖ్యవాళ్లు జెర్సీ ఇచ్చారు,
ఉతికి తిరిగివ్వాలన్న షరతుతో.
వాన. రాళ్లు పరిచిన వీధి. ఆఖరి మలుపు.
లేచి, వంకరపోయిన హ్యాండిల్‌తోనే తొక్కి
నాలుగోది వచ్చింది.
పతకాలు మూడే ఉంటాయి.
మోచేతి దగ్గర చిరిగినందుకు
పదకొండు షిల్లింగుల బిల్లు వచ్చింది పోస్టులో.
కట్టింది. ఒక్క మాట అన్లేదు.
అన్నా నాకు వినబడేది కాదేమో,
నేనెప్పుడూ వెనకే కదా.

ఆ ఏడాది క్లబ్బు విందులో
మగవాళ్ల ఛాంపియన్‌కి బంగారు చేతిగడియారం.
ఆమెకి టీ సెట్టు. ఇరవయ్యొక్క వస్తువులు.
అందరూ చప్పట్లు కొడుతుంటే
ఒక సాసర్ తీసి బోర్లించి చూసింది.
అడుగున చిన్న పచ్చచుక్క, దానికో తోక:
ఆమె సొంత గుర్తు.
తన గులాబీలే,
డజనుకింత అని అమ్మినవే,
రిబ్బను కట్టుకుని తన దగ్గరికొచ్చాయి.
భుజాలు కదిలాయి.
నవ్విందో ఏడ్చిందో
వెనక బల్లలవాడికి ఎలా తెలుస్తుంది?

డెబ్బై రెండు, అక్టోబరు. మంచు.
ఇదే ఆఖరుదని ఎవరికీ చెప్పలేదు,
టైర్లు మాత్రం పాతవే వేసుకొచ్చింది.
నా అరచేతి కింద సీటు చల్లగా ఉంది.
బ్రాక్‌హర్స్ట్ లెక్క మొదలెట్టాడు.
ఐదు.
అప్పుడు తల తిప్పింది,
ఇన్నేళ్లలో మొదటిసారి.
"క్లిఫ్, ఈసారి కాస్త ఆలస్యంగా వదులు."
నా కళ్లజోడు నిండా ఆవిరి.
మూడు, రెండు, ఒకటి,
వెళ్లు అన్నాడు.
నేను వదల్లేదు.
ఒక్క సెకను.
బరువంతా నా చేతుల్లో ఉంది, కదలకుండా,
కాల్చకముందు కప్పులా.
తరవాత వదిలాను.

ఒక్క సెకనులో ఓడిపోయిందని చెబితే
కథ బాగుండేది.
నాలుగు నిమిషాల తేడా. పదకొండో స్థానం.

వెనక దీపం ఇంకా కనబడుతుండగానే
బ్రాక్‌హర్స్ట్ రొట్టె నములుతూ
తరవాతి నంబరు పిలిచాడు.
పదిహేడేళ్ల కుర్రాడు, ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.
"గట్టిగా తొయ్యండి సార్" అన్నాడు.

"తోయను" అన్నాను. సీటు పట్టుకున్నాను.