పక్కింటి పది

స్విండన్‌లో మా బడి వెనక గది.
హీటరు మీద తడి గ్లవ్స్ ఆరుతున్నాయి.
మూడో తరగతి ఓర్లా పెన్సిల్ కొస కొరుకుతోంది:
నాలుగొందల మూడులోంచి
నూట ఇరవై ఎనిమిది తియ్యాలి.

మూడులో ఎనిమిది పోదు.
"పక్కింట్లో అప్పడుగు" అన్నాను.
మా లెక్కల టీచరు సుభాషిణి గారి గొంతు
నలభై ఏళ్ళు దాటొచ్చి
నా నోట్లోంచి ఇంగ్లీషులో దూకింది.
అన్నానే గాని, ఈ ఊళ్ళో
మా పక్కింటావిడ పేరు నాకింకా తెలీదు.

"పక్కింట్లో సున్నా ఉంది, మిస్."

నిజమే. పదుల ఇల్లు ఖాళీ.
ఖాళీయే గాని, తీసేస్తే
నాలుగొందల మూడు కాస్తా నలభై మూడైపోతుంది.
సామాను లేకపోయినా
అద్దె కడుతూ ఉంచుకున్న గది అది.

సరే, ఆ పైన వందల వాళ్ళింటికి వెళ్ళాం.
ఒక వంద విప్పితే పది పదులు.
అందులో ఒకటి విప్పితే పది ఒకట్లు.
నాలుగు కొట్టేసి మూడు,
సున్నా నెత్తిన తొమ్మిది,
చివరి మూడు పక్కన బుల్లి ఒకటి.
రెండొందల డెబ్బై ఐదు.

ఓర్లా కిందికీ మీదికీ చూసి
"మరి తిరిగెప్పుడిస్తాం?" అంది.

చిన్నప్పట్నుంచీ తెచ్చిన పదులన్నీ గుర్తొచ్చాయి.
ఒక్కటీ ఇచ్చినట్టు లేదు.

బోర్డు దగ్గర్నుంచి మిసెస్ పెంబర్టన్:
"ఇక్కడ అప్పు అనం. మార్పిడి అంటాం."
మార్పిడి. నోటిచ్చి చిల్లర తెచ్చుకోవడం.
ఎవరికీ బాకీ లేదు.

ఓర్లా వినలేదు.
జవాబు అలాగే ఉంచి
రబ్బరుతో గీత చెరిపి
నాలుగుని మళ్ళీ నాలుగు చేస్తోంది.