ఎడమ మర

కురా నది మీది గాలికి
ఎలియావా బజారు రేకులన్నీ దడదడలాడుతున్న పూట
మురమాన్ వచ్చి బల్ల మీద డ్రిల్లు పెట్టాడు.
"నోరు తెరిచింది, ఇక మూయడం లేదు,"
ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఎతేరి రొట్టెకి వెళ్లింది. కొట్లో నేనొక్కణ్ణే.
చక్ ఊడదీయాలి, కొత్తది వేయాలి, అంతేగా.
టార్చి వేసి చూశాను.
మూడు దవడల వెనక, గొంతు అడుగున
ఎర్ర ఇటుక పొడిలో కూరుకుపోయి
ఒక స్క్రూ. నెత్తిన కూడిక గుర్తు.

ఎడమకి తిప్పాను.
సీసా మూతల నుంచి నేర్చుకున్న దిక్కు అది,
చేతికి వేరే చెప్పక్కర్లేదు.
కదల్లేదు.
నూనె చుక్క వేశాను. తిట్టాను.
మోకాలు మోపి మళ్లీ తిప్పాను.
ముంజేతి మీద నరం లేచింది గానీ
అది ఇంకాస్త లోపలికి ముడుచుకుంది.
మురమాన్ మర్యాదగా వాన వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఎతేరి వచ్చింది, చంకలో పడవలాంటి వేడి రొట్టె.
చూసింది. నవ్వి ఉంటే బాగుండేది.
"గంట నుంచీ బిగిస్తున్నావు" అంది.

వెనక్కి కూడా తిరిగే యంత్రం కదా,
తిరిగినప్పుడల్లా చక్ జారి పడకుండా
ఎవడో లోపల ఎదురు మర ఒకటి పెట్టాడట.
లోకమంతా ఊడే వైపు అది బిగుస్తుందట.

రొట్టె నా చేతిలో పెట్టి
కుడికి తిప్పింది.
కీచుమంది. మర మరలింది.

"ఇక మిగతాది నీ దిక్కే."
పైపు రెంచీతో చక్ మెడ పట్టించింది,
గేరు ఒకటిలో వేసింది,
సుత్తి నాకిచ్చింది.
నేను రెంచీని తోయబోతే చెయ్యి పట్టుకుంది.
"తోస్తే రాదు. ఉలిక్కిపడాలి."

ఒక్కటే దెబ్బ.
ఆ తర్వాత రెండు వేళ్లకే వచ్చేసింది చక్,
అంతసేపూ దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు.
కింద ఇరుసు కొసన మెరుపు:
కార్ఖానా వదిలాక వెలుగు చూడని ఆ నాలుగు చుట్లకీ
దుమ్మంటే ఏమిటో తెలియదు.

"పాతది నాకిచ్చెయ్యండి" అన్నాడు మురమాన్.
ఎందుకంటే,
"ఎలాగూ నోరు తెరుచుకునే ఉంటుంది,
పెన్సిళ్లు పెట్టుకుంటాను."

ఎతేరి ఆ చిన్న స్క్రూని
మిగతావాటిలో కలపకుండా
వేరే డబ్బాలో వేసింది. రొట్టె ముగ్గురికీ తుంచింది.

రాత్రి గదిలో కుళాయి కట్టేయబోయి
ఆగాను.
చేతికి అనుమానం వచ్చింది.