టేపు హోరు

గుణుపురంలో కరెంటు నిలకడగా ఉండేది
రాత్రి పదకొండు దాటాకే.
అప్పుడు విప్పాను, బరంపురం నుంచి
బస్సు టాపు మీద వచ్చిన స్పీకర్ పెట్టెల్ని.
మోసుకొచ్చిన సుక్కురు సబర
కూలి తీసుకున్నాడు గానీ వెళ్లలేదు,
గడప మీద కూర్చుండిపోయాడు.

ముందు ఏది పెట్టాలి?
పెళ్లి బ్యాండు వద్దు, అది రేకుడబ్బాలోనైనా మోగుతుంది.
సినిమా పాటల్లో అందరూ ఒకే గోడకి ఆనుకుని అరుస్తారు.
గొంతుకీ మృదంగానికీ మధ్య
ఒక మనిషి నడిచి వెళ్లేంత చోటుండాలి.
తీగ మీద గోరు జారితే తెలియాలి.

వెతికి వెతికి ఆ వీణ తీశాను.
పేరు రాయని ఒకామె, ఎవరింట్లోనో,
ఒక్క మైకు పెట్టి పట్టిన కచేరీ.
మెట్ల మీద వేలు ఒరుసుకోవడం వినబడింది.
ఆమె ఊపిరి వినబడింది.
అరవై వేలూ గిట్టుబాటయ్యాయనుకున్నాను.
వెనక సన్నగా టేపు హోరు ఒక్కటే
చెవిలో చీమ.
ట్రెబుల్ తగ్గించబోయాను.

"ఉండండి బాబూ," అన్నాడు సుక్కురు,
"వాన తగ్గిపోతాది."

వానా?

"పెంకుల మీద కాదు. అరిటాకుల మీద.
ఆవిడ కిటికీ ఏసుకోనేదు."

మళ్లీ మొదటినుంచి పెట్టాను.
మూడో నిమిషంలో చినుకు లావెక్కుతుంది,
ఆమె చేయి కాస్త తొందరపడుతుంది,
ఎక్కడో ఆరేసిన బట్టలు గుర్తొచ్చినట్టు.
ఇరవై ఏళ్లుగా నా దగ్గరున్న టేపు ఇది.

ఒంటిగంటకి సుక్కురు లేచాడు.
తువ్వాలు నెత్తి మీద కప్పుకుని నవ్వి
పొడి వెన్నెల్లోకి దిగాడు.