చిందీ గుడ్డ

శుక్రవారం మధ్యాహ్నం, మార్కాపురం స్టేషన్ వెనక గది.
కిటికీ కాడ నీలం రగ్గు పరిచి
తొమ్మిది పిస్తోళ్లనీ వరసగా పడుకోబెట్టాడు మాలకొండయ్య,
జ్వరమొచ్చిన పిల్లల్లాగా.

"ముందు కడుపు చూడు. ఖాళీ అనుకోవద్దు, చూడు."
చూశాను. మళ్లీ చూడమన్నాడు.
మూడోసారి చిటికెనవేలు పెట్టి చూశాను.
అప్పుడు గానీ కళ్లద్దాలు తగిలించుకోలేదాయన.

ఇప్పడం తేలిక.
పైతొడుగు జారింది, గొట్టం ఊడొచ్చింది,
స్ప్రింగు మాత్రం ఎగిరి బీరువా కిందికి దూకింది.
నేను బోర్లా పడుకుని చీపురుపుల్లతో వెతుకుతుంటే
పైనుంచి ఆయన:
"ఇప్పేటప్పుడు చెయ్యి తొందరపడుద్ది,
బిగించేటప్పుడు బుద్ధి తొందరపడుద్ది.
రెండూ వద్దమ్మాయ్."

స్ప్రింగు దొరికింది. దాంతోపాటు
ఎవరిదో ఖాకీ చొక్కా గుండీ, ఒక బలపం ముక్క.
బలపాన్ని జేబులో వేసుకున్నాను.
మా వీధిలో అంతా ఆ పిండే.
ఆరేసిన లంగాల మీద, మూతపెట్టని మజ్జిగ మీద,
ఇరవై రెండేళ్లు పలకల రంపం పట్టిన
మా నాన్న యోగయ్య కనురెప్పల మీద.

గొట్టంలోకి నూనె చిందీ దోపి లాగాను.
నల్లగా వచ్చింది. ఇంకోటి. బూడిదరంగు.
ఏడోది తెల్లగా, నాన్న ఆదివారం చొక్కాలాగా.
వెలుగుకి పెట్టి ఒంటికంటితో చూస్తే
మెలికలు తిరిగిన మెరుపు, చివర
రూపాయి బిళ్లంత ఆకాశం.

ఒంగోలు పెద్దాసుపత్రిలో డాక్టరూ
ఇట్లాగే వెలుగుకెత్తి చూపించాడు నాన్న ఫిల్ము.
పొగమంచు కమ్మిన రెండు మళ్లు.
"ఇది ఇంక బయటికి రాదమ్మా" అన్నాడు.
అంత లోతుకి పోయే తాడు
మా ఆయుధాల గదిలో కూడా లేదు.

తొమ్మిదోది ఆయన నాకివ్వలేదు.
నంబరు మీద బొటనవేలు ఆనించి తనే ఇప్పాడు.
మిగతావన్నీ ఏడాదికోసారి మట్టిదిబ్బని కాల్చినవి.
"ఇది ఒక్కసారి, పొదిలి రోడ్డులో..."
మాట అక్కడే తుంచి, చిందీ అడిగాడు.
తెల్లగా వచ్చినా ఇంకోటి అడిగాడు.
తెల్లగా వచ్చినా ఇంకోటి.

బిగించడం నా వంతు.
కళ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాను.
ముక్కలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి
వాటంతటవే చేరినట్టు చేరి, టక్.
ఆ చప్పుడు నాకు నచ్చింది.
నచ్చినందుకు కొంచెం సిగ్గేసింది.

రిజిస్టర్లో రాశాను: తొమ్మిది, శుభ్రం. సంతకం.

ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు కడిగినా
అన్నం ముద్దలో నూనె వాసన.
పక్కగదిలో నాన్న దగ్గుతున్నాడు.
ఒకటి. ఇంకోటి.
కంచం ముందు కూచుని
నేను లెక్కపెడుతున్నాను.