పదకొండు మెరూన్లు

ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని అడిగింది
బడిలో డ్రాయింగు చెప్పే సులోచనాబాయి,
ఫాల్స్‌కిచ్చిన చీర కోసం వచ్చి
గోడకంటించిన కాగితాలు చూసి.

ఏం చెప్పను?
ఇరవై రెండేళ్లుగా చిక్కడపల్లిలో, ఈ మెట్ల కింద,
చీరకు తగ్గ దారం వెతకడమే నా చదువు.
మెరూన్ అంటే ఒకటి కాదు, పదకొండు.
ట్యూబులైటు కింద కలిసిపోయిన రంగు
ఎండలోకి తెస్తే ఎదురు తిరుగుతుంది.
అందుకే రీలు పట్టుకుని రోడ్డు మీదికి నడుస్తాను,
ఆటోవాళ్లు తిట్టినా సరే.

కాగితం ఛత్తాబజారుది.
అచ్చు తప్పిన పెళ్లికార్డులు కిలోల్లెక్కన ఇస్తాడు మునవ్వర్ భాయ్.
ముందువైపు ఎవరిదో సుముహూర్తం, తప్పు తారీఖుతో.
వెనకవైపు నాది.
నీళ్లు పడగానే అంచులు లేస్తాయి
సెగ తగిలిన అప్పడంలా.
నాలుగు మూలలా బట్టల క్లిప్పులు పెడతాను.
అయినా ఒక్కోసారి పెళ్లికూతురి పేరు
వెనక నుంచి ఉబికి
నా మబ్బులోకి వచ్చేస్తుంది.

నల్లా రోజు విడిచి రోజు, తెల్లారి నాలుగున్నరకి.
బిందెలు నిండేలోపు ఒక బొమ్మ.
మూడో బిందె పొంగి వాకిలి తడిసిందంటే
ఆ రోజు బొమ్మ కుదిరిందని మా ఇంట్లో లెక్క.

మొదటి ఏడాదంతా బురదే.
ఆకుపచ్చలో ఎరుపు, ఎరుపులో ఆత్రం.
తడి ఆరకముందు వేలు పెట్టకూడదని
పెట్టి పెట్టి తెలుసుకున్నాను.
తెల్లరంగు ఎప్పుడూ కొనలేదు,
ముందు డబ్బుల్లేక, తర్వాత అక్కర్లేక.
తెల్లగా ఉండాల్సిన చోట చెయ్యి ఆపాలి, అంతే.
మిషను తొక్కే కాలికి
ఆ ఆపడం రావడానికే ఆరేళ్లు పట్టింది.

ఆదివారం రెండు బస్సులు మారి
ఖాజాగూడ బండల దగ్గరికి పోతాను.
బండ మీద బండ,
ఎవరో బజారుకెళ్తూ పెట్టి మరిచిపోయినట్టు.
దూరానికి ఒట్టి బూడిద.
దగ్గర కూర్చుంటే గులాబీ, తుప్పు,
వాన జారిన నల్లచారలు,
తొండ ఎండ కాచుకునే చోట లేత పసుపు.
ఒక బండని పద్నాలుగుసార్లు వేశాను.
పద్నాలుగూ వేరే బండలు.

పోయిన నెల వెళ్తే చుట్టూ నీలం రేకులు.
లోపల డ్రిల్లు చప్పుడు.
పర్మిషన్ లేదన్నాడు వాచ్‌మన్, పాపం, స్టూలు మాత్రం ఇచ్చాడు.
కూర్చుని రేకులే వేశాను.
ఏ చీరలోనూ చూడని నీలం అది,
మూడుసార్లు కలిపితే గాని చిక్కలేదు.
రేకుల పైన
కార్డు ఎలా ఉందో అలాగే వదిలేశాను.

ఇది సగంలో ఆపావేం, అంది సులోచనాబాయి
సరిగ్గా దాని మీదే వేలు పెట్టి.
చీర మడతపెట్టి చేతికిచ్చాను.
వంద రూపాయలన్నాను.
ఆమె గడప దాటి, అంచు ఎండకు పట్టి,
అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
కుట్టు కనబడటంలేదే, అంది.